పళ్ళు చెప్పే నీళ్ళ లెక్క
(చింతామణిలో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన పేరు అచ్చులో వేయొద్దని కుటుంబం కోరింది. ఊళ్ళో అందరూ పిలిచినట్టే నేనూ మాస్టారనే అంటాను. లెక్కల మాస్టారు. సోమవారం ప్రార్థన అయ్యాక వరసల మధ్య నడుస్తూ పిల్లల గోళ్ళు చూసేవారు, ‘ఈ’ అనిపించి పళ్ళు చూసేవారు. తోముకోకుండా వచ్చినవాడికి అక్షింతలు పడేవి. పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్న పిల్లల్ని మాత్రం పల్లెత్తు మాట అనేవారు కాదని ఆయన శిష్యులు చెబుతారు. ఆ మచ్చలు ఫలానా వీధి పిల్లలకే, ఫలానా బోరు నీళ్ళు తాగే ఇళ్ళకే ఉన్నాయని ఆయన పట్టేశారు. నాకు దంతవైద్య కళాశాలలో చెప్పిన పాఠాన్ని ఆయన ప్రార్థన వరసలోనే చదువుకున్నారు.

నాకు ఇచ్చిన విషయం ‘దంత సంరక్షణ, సంపూర్ణ ఆరోగ్యం’. బ్రష్షు ఎలా పట్టాలో, ఎంతసేపు తోమాలో చెప్పి దిగిపోవచ్చు. ఆ మాటలకు బెంగళూరు జయనగరంలో ఉన్నంత విలువ చింతామణి, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం తాలూకాల్లో లేదు. ఇక్కడ పళ్ళ ఆరోగ్యం తాగే నీళ్ళ దగ్గర మొదలవుతుంది. బ్రష్షు సంగతి తర్వాత. ఇక కన్నడనాట తెలుగులో మాట్లాడుతున్నందుకు సంజాయిషీ ఏమీ ఇచ్చుకోను. యోగి కైవారం తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ పాడిన తాలూకా ఇది.

నంది కొండల చుట్టూ పుట్టిన ఏరులకు లెక్కలేదు. పినాకిని, పాలారు, చిత్రావతి, పాపాఘ్ని అన్నీ ఈ గడ్డ మీదివే. ఏడాది పొడుగునా పారేది ఒక్కటీ లేదు. అందుకే మన పెద్దలు చెరువులు తవ్వారు, చెరువు కింద బావులు తవ్వారు. నలభై యాభై అడుగుల బావినీళ్ళు వానతో నిండేవి, వేసవికి అడుగంటేవి, మళ్ళీ నిండేవి. అవి భూమిలో ఎక్కువకాలం నిలవ ఉండేవి కావు. తర్వాత బోర్లు వచ్చాయి. మూడొందలు, ఆరొందలు అనుకుంటూ ఇవాళ వెయ్యి, పదిహేనొందల అడుగులకు దిగాం. మన కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. ఆ రాతిలోని ఫ్లోరైటు, అపటైటు, బయొటైటు ఖనిజాల్లో ఫ్లోరైడు ఉంటుంది. ఏళ్ళ తరబడి రాతి పగుళ్ళలో నిలిచిన నీరు, అందులోనూ సున్నం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీరు, ఆ ఫ్లోరైడును కరిగించుకుంటుంది. చెరువు ఎండిన ఊరి పిల్లవాడి పళ్ళు పాడవడానికి దారి ఇదీ.

లీటరు నీళ్ళలో ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉండొచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ అంటుంది. వేరే దిక్కు లేనిచోట ఒకటిన్నర దాకా ఒప్పుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత కూడా ఒకటిన్నర దగ్గరే ఉంది. ఎండలో పనిచేసి రోజుకు నాలుగైదు లీటర్లు తాగే మనలాంటి చోట ఆ గీత ఇంకాస్త కిందే ఉండాలని నా అభిప్రాయం.

ఇప్పుడు కాస్త పళ్ళ లోపలికి వెళదాం. పై పెదవి కింద కనబడే ముందు పళ్ళ పింగాణీ, బిడ్డకు మూడు నాలుగు నెలలు వచ్చినప్పుడు చిగుళ్ళ లోపల తయారవడం మొదలై, నాలుగైదేళ్ళ వయసుకు పూర్తవుతుంది. మిగతా పళ్ళవి, జ్ఞానదంతాలు తప్ప, ఎనిమిదేళ్ళ లోపల ముగుస్తాయి. ఆ కాలంలో ఒంట్లోకి ఫ్లోరైడు ఎక్కువగా వెళితే పింగాణీ గట్టిపడే పని సరిగ్గా సాగదు. ఏడో ఏట ఆ పన్ను బయటికి వచ్చేసరికి దాని మీద సున్నపు చారలుంటాయి. జబ్బు కాస్త ముదిరితే పన్నంతా సుద్దముక్కలా మారిపోతుంది. పగుళ్ళలోకి టీ, సారు, దుమ్ము దిగి పసుపు, గోధుమ, నలుపు రంగులెక్కుతాయి. ఇంకా ముదిరితే గుంటలు పడి అంచులు విరుగుతాయి. ఒక్క విషయం గమనించండి. ఏడేళ్ళ పిల్ల నోట్లో మనం చూసే మచ్చ, ఆ పిల్లకు రెండేళ్ళప్పుడు ఇంట్లో ఏ నీళ్ళు వాడారో చెబుతుంది. ఎనిమిదేళ్ళు దాటాక ఈ ఊరొచ్చి స్థిరపడినవారికి ఆ మచ్చలు రావు. వాళ్ళకు వచ్చేవి మోకాళ్ళ నొప్పులు, నడుం బిగింపు. అవి ఆలస్యంగా, మాట్లాడకుండా వస్తాయి.

ఈ సంగతిని లోకం కనుక్కున్న తీరు చాలా చిత్రంగా ఉంటుంది. అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టి, అక్కడి జనం పళ్ళన్నీ గోధుమరంగులో ఉండటం చూశాడు. పంది మాంసం వల్ల అన్నారు, చెడ్డ పాల వల్ల అన్నారు. ఆయన ముప్పై ఏళ్ళు వెంటపడ్డాడు. చివరికి 1931లో ఒక అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్, తాగునీళ్ళలో ఫ్లోరైడు ఉందని తేల్చాడు. మెకే గమనించిన ఇంకో వింత ఏమిటంటే, ఆ మచ్చల పళ్ళకు పుప్పి తక్కువ. దాని మీద నడిచిన ఆలోచనే 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ ఊరి నీళ్ళలో కొద్దిపాటి ఫ్లోరైడు కలపడానికి, తర్వాత టూత్‌పేస్టులోకి అది రావడానికి దారితీసింది. వాళ్ళు నీళ్ళలో కలుపుకున్నదాన్ని మనం నీళ్ళలోంచి తీసేయడానికి అవస్థ పడుతున్నాం.

మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలోని ఈ జబ్బు, అంటే ఫ్లోరోసిస్ గురించి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే, తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్ళాయి. 1955లో సిద్దిఖీ నల్లగొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1975 ప్రాంతంలో పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి కలియబెట్టి, తేర్చి, ఫ్లోరైడు తగ్గించే పద్ధతి తయారుచేసి దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టారు. ఒక జిల్లా పేరు ప్రపంచ పాఠ్యపుస్తకాలకెక్కింది. ఆ జిల్లా పిల్లల కాళ్ళు మాత్రం ఆ ఫ్లోరైడుకే వంకర పోతూనే ఉన్నాయి. చివరికి 1996 లోక్‌సభ ఎన్నికల్లో తాగునీళ్ళ కోసం పోరాడే జలసాధన సమితి పిలుపు మీద నల్లగొండలో నామినేషన్లు వెల్లువెత్తి 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. నది నీళ్ళు ఇంటింటికీ చేర్చే మిషన్ భగీరథ 2016లో మొదలయ్యాకే అక్కడ పరిస్థితి మారింది. పటిక బకెట్లతో కుదరని పని కృష్ణ నీళ్ళతో కుదిరింది. నది నీళ్ళే కావాలన్న ఈ మాట మన శాశ్వత నీరావరి హోరాట సమితి (శాశ్వత సాగునీటి పోరాట సమితి) వాళ్ళు ఏళ్ళుగా అంటున్నదే. వాళ్ళను రైతు సంఘంగానే చూశాం. వాళ్ళు అడిగేది పిల్లల పళ్ళకూ మందేనని నేనంటాను.

మనకు ఏం వచ్చింది? హెబ్బాళ–నాగవార లోయ పథకంలో బెంగళూరు నగరం వాడి వదిలిన నీటిని శుద్ధి చేసి మన చెరువులకు తోలుతున్నారు. అది భూగర్భజలం పెరగడానికే, తాగడానికి కాదు. మూడో దశ శుద్ధి చేసి పంపమని ఇక్కడివాళ్ళు అడగడంలో తప్పేమీ లేదు. జల్ జీవన్ పథకంలో ఊరూరా నల్లి, అంటే కొళాయి, వచ్చింది. చాలా ఊళ్ళలో ఆ నల్లిలో వచ్చేది మాత్రం పాత బోరు నీళ్ళే. నల్లి కొత్తదైనంత మాత్రాన నీళ్ళు కొత్తవి కావు.

ఇక శుద్ధనీటి ఘటకం, అంటే ఫిల్టర్ నీళ్ళ కేంద్రం. ఐదు రూపాయల కాయిను వేస్తే ఇరవై లీటర్ల క్యాను నిండుతుంది. మేలే జరిగింది, కాదనను. అయితే ఇళ్ళలో జరుగుతున్నది చూడండి. ఫిల్టర్ నీళ్ళు తాగడానికి, బోరు నీళ్ళు వంటకు. అన్నం, సారు, రాగిముద్ద అన్నీ బోరు నీళ్ళతోనే. పసిబిడ్డకు పాలు కలపడం కూడా. ‘కాగబెట్టినాము కదా సార్, పురుగులు సచ్చిపోతాయి’ అంటారు. పురుగుల మాట నిజమే. ఫ్లోరైడు పురుగు కాదు, చావదు. నీరు ఆవిరై పోయేకొద్దీ మిగిలిన దాంట్లో అది చిక్కబడుతుంది. కలరా కాలంలో మనకు నేర్పిన ‘కాచి చల్లార్చి తాగండి’ అనే మంచి మాట ఫ్లోరైడు విషయంలో పనికిరాదు. క్యాను సరిపోకపోతే, ఇంట్లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు ఉంటే, ముందు వాళ్ళు తాగడానికీ, వాళ్ళ వంటకూ ఆ నీళ్ళు వాడండి. పెద్దలం మనం ఆగగలం. ఘటకం నడిపేవారు ఫిల్టరు పొర ఎప్పుడు మార్చారో రాసి గోడకు తగిలించమని కూడా అడగండి. పొర పాడైతే ఐదు రూపాయలు పెట్టి బోరు నీళ్ళే కొనుక్కుంటాం.

వాన నీళ్ళలో ఫ్లోరైడు లేనట్టే. బాగేపల్లి, పావగడ, ముండరగి ప్రాంతాల్లో బైఫ్ సంస్థ ‘సచేతన’ పేరుతో ఇంటి కప్పు మీది వాననీటిని తొట్టెలో దాచే పథకం నడిపింది. మాస్టారికి నచ్చే లెక్క ఒకటి వేద్దాం. ముప్పై చదరపు మీటర్ల మిద్దె. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన. గుణిస్తే 21,000 లీటర్లు. మొదటి వానను వదిలేసి, కారిపోయింది పోగా ఎనభై శాతం పట్టామనుకోండి, 16,800. ఐదుగురు మనుషుల ఇంట్లో తాగడానికీ వంటకూ రోజుకు నలభై లీటర్లు, అంటే ఏడాదికి 14,600. లెక్క కుదిరింది. అయితే అన్ని నీళ్ళు నిలవ చేయడానికి తొట్టె కావాలి. తొట్టెకు సిమెంటు, ఇటుక, స్థలం కావాలి. ఒంటిగది ఇంటివాళ్ళకు అవి లేవు. అందుకే దీన్ని ఇంటి పనిగా వదిలేయకుండా పంచాయతీ బడిమీదా, అంగన్‌వాడీ మీదా మొదలుపెట్టాలి.

ఇక మచ్చ పడ్డ తర్వాతి సంగతి. ఒకసారి బాగేపల్లి వైపు నుంచి ఒక తల్లి పదహారేళ్ళ కూతుర్ని తీసుకుని వచ్చింది. ‘మా పాప పండ్లు తెల్లగా చేసియ్యండి సార్, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటాది’ అంది. ఆ పాప నోరు తెరిచింది. పై ముందు పళ్ళ మధ్య అడ్డంగా, రెండు పళ్ళకూ ఒకే ఎత్తులో, గోధుమరంగు పట్టీలు. పళ్ళ మీద సన్నని గీతలు కూడా ఉన్నాయి. ఆ గీతలు నీళ్ళవి కావు. ఇటుక పొడి, ఉప్పు కలిపి చాన్నాళ్ళుగా రుద్దింది. మచ్చ పింగాణీ లోపల ఉంటుంది, పైనుంచి ఎంత రుద్దినా పోదు. రుద్దేకొద్దీ పింగాణీ అరిగి, పన్ను చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. ఇంకొందరు సంతలో ద్రావకం పూయించుకుని వస్తారు. అది ఆ పూటకు తెల్లగా చేసి, పన్నును తినేస్తుంది. ఆస్పత్రిలో పైపొరను సన్నగా గీకడం, పన్ను రంగు సిమెంటు అతకడం, పలచని తొడుగు వేయడం వంటి దారులున్నాయి. కొంత ఖర్చవుతుంది. ఆ తల్లికి మొదట చెప్పాల్సిన మాట అది కాదు. ‘నీ పాప పళ్ళు తోముకోక ఇట్లా కాలేదు, ఇందులో దాని తప్పు లేదు’ అని చెప్పాలి. ఆ ఒక్క మాటకు ఆ పిల్ల ముఖంలో వచ్చిన మార్పు, నేను చేసిన ఏ అతుకుకూ రాలేదు. సంపూర్ణ ఆరోగ్యం అని మనం అనుకునేదాంట్లో పదిమందిలో నోరు తెరిచి నవ్వగలగడం కూడా ఉంది.

తోమే సంగతికి వస్తాను. మన నాయనమ్మలు వేపపుల్ల, కానుగపుల్ల, ఊకబూడిద వాడారు. తర్వాత ప్రతి ఇంటి గూట్లో నంజనగూడు పళ్ళపొడి ఉండేది. 1913లో బి.వి. పండితులు పెట్టిన సద్వైద్యశాల సరుకు, ఆ గులాబీరంగు పొడి పొట్లం మీకు గుర్తుండే ఉంటుంది. పుల్ల మంచిదా, పొడి మంచిదా, పేస్టు మంచిదా అని నన్ను తరచు అడుగుతారు. పుల్లను మెత్తగా నమిలి, చిగుళ్ళు చీరకుండా తోమితే తప్పులేదు. పొడి గరుకుగా ఉంటే వద్దు. పొగాకు కలిపిన పళ్ళపొడి అసలే వద్దు, దాన్ని ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. పెద్దలు ఫ్లోరైడు పేస్టు వాడితే మచ్చలు వస్తాయన్న భయం అక్కర్లేదు, వాళ్ళ పింగాణీ ఎప్పుడో తయారైపోయింది. ఆరేళ్ళ లోపు పిల్లలు పేస్టును మింగుతారు కాబట్టి మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, తర్వాత బఠాణీ గింజంత చాలు. టీవీ ప్రకటనలో బ్రష్షు పొడుగునా పరిచినట్టు పరచకండి.

పుప్పికి కారణం నీళ్ళు కాదు, బేకరీ. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను ఆమ్లంగా మారుస్తాయి. తిన్న ప్రతిసారీ అరగంట దాకా ఆ ఆమ్లం పింగాణీని కరిగిస్తుంది. అందుకే ఎంత తీపి తిన్నామన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. పండగ రోజు నాలుగు ఒబ్బట్లు ఒక్కసారి తిని నోరు పుక్కిలించిన మనిషి కన్నా, టమాటా మండీలో తెల్లవారుజాము నుంచి గంటకో తీపి టీ, దాంతో ఓ బన్ను తినే మనిషి పళ్ళకే ప్రమాదం. బెల్లం టీ అయితే ఫర్వాలేదనుకోవద్దు, బ్యాక్టీరియాకు ఆ తేడా తెలియదు. బిడ్డకు నిద్రపోయేటప్పుడు చక్కెర పాల సీసా నోట్లో పెట్టి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

నొప్పి విషయంలో మనవాళ్ళు ఒక దగ్గర మోసపోతారు. పుప్పి లోతుకు వెళ్ళి నరాన్ని తాకినప్పుడు రాత్రుళ్ళు నిద్ర ఉండదు. లవంగం పెడతారు, మందుల షాపులో మాత్ర కొంటారు. కొన్నాళ్ళకు నొప్పి దానంతట అదే పోతుంది. మాత్ర పనిచేసిందనుకుంటారు. నరం చచ్చిపోయింది, అంతే. చీము వేరు కొసన చేరుతూ ఉంటుంది. ఒకరోజు దవడ కింద వాచి, నాలుక పైకి లేచి, మింగడం కష్టమై, ఊపిరి ఆడని స్థితిలో వస్తారు. అలాంటి వాపు ప్రాణాంతకం. దవడ కింద రెండు వైపులా వాచి నోరు తెరుచుకోకపోతే మర్నాటిదాకా ఆగకుండా పెద్దాస్పత్రికి వెళ్ళండి.

మన రాగిముద్ద గురించి ఒక పక్కమాట. ముద్దను నమలకూడదు, సారులో అద్ది మింగాలి. పళ్ళు లేని ముసలాయన కూడా మింగుతాడు. బహుశా అందుకే మన ఊళ్ళలో పళ్ళు ఊడిపోవడం పెద్ద నష్టంగా ఎవరికీ అనిపించదు. వేరుశనగలు, ఆకుకూర వేపుడు, జామకాయ ఒక్కొక్కటే మానేస్తారు. చివరికి ముద్ద, సారు, టీ మిగులుతాయి. ఒళ్ళు తగ్గితే ‘వయసు’ అంటారు. దారిద్ర్యరేఖకు దిగువనున్న పెద్దలకు ఉచితంగా కట్టుడుపళ్ళు ఇచ్చే దంతభాగ్య పథకాన్ని మన రాష్ట్రం పెట్టింది. ఎంతమంది వాడుకున్నారో మీ వీధిలోనే లెక్కపెట్టండి.

అదే ముద్దకు ఇంకో గుణం ఉంది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అది పేగుల్లో ఫ్లోరైడును కొంత పట్టి బయటికి పంపుతుంది. చింతపండు తిన్నప్పుడు మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా పోతుందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించారు. రాగులు, మునగాకు, చింతపులుసు మానకండి. కానీ ఇవి చెడ్డ నీళ్ళకు విరుగుడు అనుకుని నీళ్ళ సంగతి వదిలేయకండి.

చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. షుగరు పెరిగితే చిగుళ్ళు పాడవుతాయి. చిగుళ్ళలో చీము ఉంటే షుగరు అదుపు కాదు. రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. గార తీయించుకుంటే పళ్ళు కదులుతాయని, పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయని భయపడి రానివాళ్ళు చాలామంది. పన్నుకూ కంటిచూపుకూ సంబంధం లేదు. గార తీశాక పళ్ళు కదిలినట్టు అనిపిస్తే, అవి అంతకుముందే వదులై గారతో అంటుకుని ఉన్నాయని అర్థం. చిన్నప్పుడు కీళ్ళవాతపు జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్నవాళ్ళు పన్ను పీకించుకునే ముందు ఆ సంగతి దంతవైద్యుడికి చెప్పి తీరాలి. నోట్లోని సూక్ష్మజీవులు రక్తంలో కలిసి గుండెకు చేరవచ్చు. ఆకు, వక్క, కడ్డిపుడి, పొగాకు ప్యాకెట్లు దవడలో పెట్టుకునేవారు నెలకోసారి అద్దం ముందు నాలుక ఎత్తి, బుగ్గలు లాగి చూసుకోండి. తెల్లమచ్చో, ఎర్రమచ్చో, రెండు మూడు వారాల్లో మానని పుండో కనబడితే, నొప్పి లేదని ఊరుకోకుండా చూపించుకోండి. నొప్పి మొదలయ్యేదాకా ఆగితే ఆలస్యమవుతుంది.

ఇంత చెప్పాక మీనుంచి నేను కోరేది ఒకటే. ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష కిట్టు వాడటం నేర్పాలని జల్ జీవన్ పథకంలోనే ఉంది. ఆ కిట్టులో ఫ్లోరైడు పరీక్ష కూడా ఉంటుంది. వచ్చే గ్రామసభలో మీ ఊరి ప్రతి బోరు, ప్రతి ఘటకం ఫ్లోరైడు అంకె అడగండి. ఆ అంకెనూ, పరీక్షించిన తేదీనీ ట్యాంకు గోడ మీద, అందరికీ కనబడే ఎత్తులో, రంగుతో రాయించండి. అంకె ఒకటిన్నర దాటిన బోరు నీళ్ళను అంగన్‌వాడీ వంటకు వాడొద్దని తీర్మానం చేయించండి. ఇక్కడున్న ఉపాధ్యాయులు రెండో తరగతి పిల్లల ముందు పళ్ళు ఏడాదికోసారి చూసి, ఎంతమందికి చారలున్నాయో, వాళ్ళిళ్ళు ఏ బోరు కిందివో రాసి పంచాయతీకి పంపండి. దానికి దంతవైద్యుడు అక్కర్లేదు, పగటి వెలుతురు చాలు.